ఉప్పునీళ్ళ నాట్లు

ఆ పొద్దున ఆకాశం నిండా సన్నటి మబ్బులు వరసలు వరసలుగా పరుచుకుని ఉన్నాయి. ఎవరో పొలంలో దంతె లాగి, గట్లు సరిచేయకుండా వదిలేసినట్టుంది. హోటలు మూడో అంతస్తు గదిలో, కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని చిన్నల్లుడు ఆ వరసల్ని చూస్తున్నాడు. పరాయి దేశానికి వచ్చి నెత్తిన వెంట్రుకలు నాటించుకున్న నాలుగో రోజది. ఆ రోజుకు అతను పెట్టుకున్న పనులు రెండే. అరగంటకోసారి ఆసుపత్రివాళ్ళిచ్చిన ఉప్పునీళ్ళ సీసాతో నెత్తిమీద చల్లుకోవడం, దేనికోసమూ తల వంచకపోవడం.

అతనిది నారు పెంచే పని. కూరగాయల రైతుల సంఘానికి ఒక నర్సరీ ఉంది. టమాటా, క్యాబేజీ, వంగ నారు అక్కణ్ణుంచే వెళ్తుంది. పన్నెండేళ్ళుగా దాని తాళాలు అతని నడుముకే వేలాడుతున్నాయి. తెల్లారి తలుపు తీయగానే తడిమట్టి వాసన ముక్కుకు తగలకపోతే ఆ పూట అతనికి అన్నం సయించదు. తాళాలిచ్చింది మామగారు. ఆయనే సంఘానికి అధ్యక్షుడు. "అద్దంలో నెత్తి చూసుకునేవాడు మడిని చూడడు" అనేది ఆయన గట్టి నమ్మకం. అంతకుముందు నర్సరీ చూసినతన్ని జేబులో దువ్వెన దొరికిందని మాన్పించేశాడు.

చిన్నల్లుడికి మాత్రం వేరే బాధ ఉంది. పెద్దల్లుడు అతనికన్నా ఐదేళ్ళు పెద్ద. అయినా ఏ ఇంటికెళ్ళినా కొత్తవాళ్ళు చిన్నల్లుడికే పెద్ద కుర్చీ వేసి, పెద్దల్లుణ్ణి చూపించి, "మీ అబ్బాయా, ఏం చదువుతున్నాడు?" అని అడిగేవాళ్ళు. పెద్దల్లుడి జుట్టు అలాంటిది. చేత్తో దాన్ని వెనక్కి తోసుకుంటూ అతను ఎవరి మాటా సరిచేసేవాడు కాదు. ఆరేళ్ళు ఓర్చుకుని, ఏడో ఏడు చిన్నల్లుడు ఆసుపత్రికి ఉత్తరం రాశాడు.

"మామయ్యగారికి ఏం చెప్తావ్?" అని బయల్దేరేముందు భార్యనడిగాడు.

"నేను అబద్ధం ఆడలేనండీ. మా నాన్న ముందు అసలు ఆడలేను."

"నిజం చెప్తే తాళాలు పోతాయే."

"నిజమే చెప్తా. వెనక మడిలోంచి తీసి ముందు మడిలో పెట్టడమేగా? నాట్లకు వెళ్తున్నారని చెప్తా. ఆపైన ఆయనేమనుకుంటే అది ఆయన ఇష్టం."

ఆ మాట విని మామగారు మురిసిపోయాడు. అల్లుడు సొంత ఖర్చుతో పరాయి దేశం వెళ్ళి కొత్తరకం నాట్లు చూసొస్తున్నాడని సంఘంలో నలుగురికీ చెప్పాడు. ఆ నలుగురూ మరో నలుగురికి చెప్పారు. భర్త ఫోన్లో చెప్పిందల్లా భార్య ఒక్క ముక్క కలపకుండా తండ్రికి చేరవేసేది.

"మూడువేల రెండువందల మొక్కలంట నాన్నా. ఒక్కరోజులో పెట్టేశారంట."

"ఎంతమంది దిగారు?"

"ముగ్గురంట."

"చోటెంత?"

"రెండు అరచేతులంతేనంట."

మామగారు తన రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. "నీళ్ళెట్లా పెడుతున్నారు?"

"అరగంటకోసారి చల్లడమేనంట. ఉప్పునీళ్ళు."

"ఏ నీళ్ళన్నావు?"

"ఉప్పునీళ్ళే నాన్నా. ఇంకోటి, మూడు వారాలకు పైదంతా రాలిపోతుందంట. కంగారుపడొద్దంట. వేరు బతికే ఉంటుందంట. నాలుగో నెలలో మళ్ళీ వస్తుందంట."

నలభై ఏళ్ళుగా నారు పోస్తున్న మనిషి ఆ మాట విని ఊరుకోలేడు. ఆ సాయంత్రమే రెండు ట్రేల క్యాబేజీ నారుకు అరగంటకోసారి ఉప్పునీళ్ళు చల్లించాడు. మర్నాటికి ఆకులు ముడుచుకున్నాయి. ఆ మర్నాటికి మిగిలింది మట్టే. తప్పు ఉప్పులో ఉందా, పాళ్ళలో ఉందా, చల్లే చేతిలో ఉందా అని సంఘం హాల్లో వాదన లేచింది. కళ్ళతో చూస్తే తప్ప తేలదన్నారు.

మబ్బులు వరసలు కట్టిన ఆ పొద్దునే సంగతి ఇక్కడిదాకా వచ్చింది. చిన్నల్లుడు ముఖం కడుక్కుందామని అద్దం ముందుకెళ్ళి, ఎదురుగా ఎవరో పెద్దమనిషి కనబడితే పక్కకు జరిగి దారిచ్చాడు. అవతలి మనిషీ జరిగాడు. నెత్తిమీది వాపు నుదుటి మీదుగా కళ్ళలోకి దిగింది. నాలుగో రోజు దిగుతుందని, రెండు రోజుల్లో పోతుందని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు. కానీ ముఖం ఇంత ఉంటుందని చెప్పలేదు. అంతలో ఫోను మోగింది.

"ఏమండీ, నాన్న సంఘం హాల్లో ఉన్నారు. ఏడుగురు రైతులొచ్చారు. బావ కూడా ఉన్నాడు. మొక్కలు చూపించమంటున్నారు. పావుగంటలో వీడియో కాల్ చేస్తారంట."

"నువ్వేమన్నావ్?"

"మీ దగ్గరే ఉన్నాయన్నాను. నిజమేగా."

చిన్నల్లుడు కిటికీలోంచి కిందికి చూద్దామనుకున్నాడు. తల వంచకూడదు. అందుకని రెండడుగులు వెనక్కి వేసి, నిటారుగానే నిలబడి, కళ్ళు మాత్రం దించి చూశాడు. వీధికి అవతల చిన్న పార్కులో పూలమొక్కల మడి కనబడింది. తాజాగా నాటిందే. మట్టి ఇంకా నల్లగా, తడిగా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

పక్కగదిలో ఒక లారీ డ్రైవరున్నాడు. తలుపు దాటాలంటే ఒంగవలసినంత పొడగరి. ఒంగడానికి వీల్లేదు కాబట్టి నాలుగు రోజులుగా మోకాళ్ళు ముడిచి గదిలోకి వస్తూ పోతూ ఉన్నాడు. అతనిదీ అదే వైద్యం. అతని భాష వేరు. అయినా ఆ వరండాలో ఎవరు ఎవరికి ఫోను ఇచ్చినా దాని అర్థం ఒక్కటే: మావాళ్ళకు నా నెత్తి చూపించు. చిన్నల్లుడు ఫోను చేతిలో పెట్టి, వీధివైపు వేలు చూపించగానే డ్రైవరు ఉత్సాహంగా కదిలాడు. వెలుతురు మంచిదని బయటికి రమ్మంటున్నాడనుకున్నాడు.

ఆసుపత్రివాళ్ళిచ్చిన వదులు టోపీ పెట్టుకుని, ఉప్పునీళ్ళ సీసా పట్టుకుని చిన్నల్లుడు మడి దగ్గర, ఫోను పట్టుకున్న డ్రైవరుకు ఎదురుగా నిలబడ్డాడు. ఫోను మోగింది.

"ఎవరాయన? అల్లుణ్ణి పిలవమనండి" అని ఒక రైతు గొంతు.

"నేనేనండీ. ఇక్కడి గాలి పడక ముఖం కాస్త ఉబ్బింది."

"అదేం గాలి? ఏనుగు ఊదిందా?" అన్నాడు పెద్దల్లుడు.

"ముఖం సంగతి తర్వాత. చల్లు, చూస్తాం" అన్నాడు మామగారు.

చిన్నల్లుడు నిలువు గుంజలా వీపు నిలిపి గొంతుక్కూర్చున్నాడు. మొక్కలు ఎక్కడున్నాయో చూడటానికి వీల్లేదు. చెయ్యి తగిలిన చోటల్లా పిచికారీ కొట్టాడు. కొంత మొక్కలమీద, కొంత గట్టుమీద, కొంత డ్రైవరు బూట్లమీద పడింది.

"ఇది పూలనారు కదయ్యా. రెండువందలు కూడా లేవు. మూడువేలన్నావే" అని ఇంకో రైతు అడిగాడు.

జవాబు వెతుక్కునేలోపు వెనకనుంచి ఒక నీడ పడింది. ఆ పార్కు తోటపని చూసే ఆవిడ. చేతిలో తవ్వుకోల, మోకాళ్ళకు మట్టి. చిన్నల్లుడి చేతిలోని సీసా లాక్కుంది. అరచేతిలో కొట్టుకుని, నాలుకకు అద్దుకుంది. ఆమె ముఖం మారిపోయింది. తర్వాత ఆమె మాట్లాడిన భాష అతనికి రాదు. కానీ నారుమీద ఉప్పునీళ్ళు చల్లినవాణ్ణి ఏమంటారో అతనికి బాగా తెలుసు. తనే అయితే ఇంకో నాలుగు ఎక్కువ అనేవాడు. ఆ సిగ్గులో ఫోను సంగతి మర్చిపోయాడు. నీళ్ళు మొక్కలకోసం కాదమ్మా, ఇందుకోసం అని చెప్పడానికి చటుక్కున టోపీ తీసి, నెత్తిని వేలితో చూపించి, సీసా తీసుకుని రెండుసార్లు చల్లుకుని చూపించాడు.

తోటావిడ నోరు ఆగింది. డ్రైవరుకు మాత్రం అసలు ఘట్టం ఇప్పుడొచ్చింది. పొడవాటి చెయ్యి చాచి, ఫోను నెత్తి మీదికి తెచ్చి, నుదుటి దగ్గర మొదలుపెట్టి నడినెత్తి దాకా నిదానంగా తిప్పాడు. ఎర్రటి చుక్కలు, చుక్కకొక పొట్టి మొలక, వరసమీద వరస. ఒక్క మొక్క వదలకుండా చూపించాడు.

అవతల హాల్లో పెద్దల్లుడు పగలబడి నవ్వాడు.

"ఎవరది నవ్వేది?" అన్నాడు మామగారు. నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఆయన గొంతే వినబడింది. "వరస తిన్నగానే ఉంది."

ఫోను ఆగిపోయింది. ఆ మూడు మాటల్లో ఎంత ఎత్తిపొడుపు ఉందో చిన్నల్లుడు గదికొచ్చి కుర్చీలో కూర్చుని తూకం వేసుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా బరువు పెరుగుతోంది.

మర్నాడు భార్య ఫోను చేసింది. "నాన్న వచ్చి నర్సరీ తాళాలు అడిగి తీసుకున్నారండీ."

"ఎవరికిచ్చారు?"

"బావకు."

"ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు. తిట్టుంటే బావుండేది."

పన్నెండేళ్ళ తడిమట్టి వాసన అతని ముక్కులోంచి పోయింది. వాపు మాత్రం చెప్పిన ప్రకారమే తగ్గింది. అద్దంలో తన ముఖం తనకు తిరిగి వచ్చినా పలకరించబుద్ధి కాలేదు. ఎవరి మెప్పుకోసం ఇదంతా అనుకున్నాడు. పెద్ద కుర్చీలో కూర్చుంటే ఏం పోయింది, అదీ కుర్చీయే కదా అనుకున్నాడు. అయినా అరగంటకోసారి చెయ్యి దానంతటదే సీసామీదికి పోయేది. ఎవరి నెత్తినయితేనేం, నారు ఎండబెట్టడం అతనికి చేతకాదు.

తొమ్మిదో రోజు పొద్దున ఎవరో తలుపు తట్టారు. డ్రైవరనుకుని తీశాడు. గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న సంచి, నెత్తిన ఎప్పటి ఊలు టోపీ. ఇంట్లో, మడిలో, ఆఖరికి సంఘం గోడమీది ఫొటోలో కూడా ఆయన ఆ టోపీతోనే ఉంటాడు.

"మామయ్యగారూ, తప్పు నాదే. చెప్పకుండా..."

"కిటికీ దగ్గర కూర్చో."

కూర్చున్నాడు. మామగారు జేబులోంచి చదువుకునే కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ముందునుంచి చూశాడు. పక్కనుంచి చూశాడు. నారు కొనడానికి వచ్చిన రైతు ట్రే చూసినట్టు చూశాడు.

"మొక్కకూ మొక్కకూ ఎడమెంత?"

"తెలీదండీ."

"నాట్లకు వచ్చి ఎడం అడగలేదా?"

"మత్తు ఇచ్చారండీ."

"వెనక మడి ఖాళీ చేశారా?"

"లేదండీ. ఒకటి విడిచి ఒకటి తీశారు."

"అదీ పద్ధతి." ఆయన వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. కిటికీ తెర సగం లాగాడు. రెండు చేతులతో టోపీ తీసి మంచంమీద పెట్టాడు.

దున్ని, చదును చేసి, నీళ్ళు కట్టి, విత్తడం మర్చిపోయిన మడిలా ఉంది. చిన్నల్లుడు మర్యాదకు కళ్ళు తిప్పుకుందామనుకున్నాడు గానీ వీలు కాలేదు.

"మీ అత్తకొక్కదానికే తెలుసు. ఇప్పుడు నీకు తెలిసింది" అన్నాడు మామగారు. "ఇరవై రెండో ఏటనుంచీ ఇంతే."

"మరి జేబులో దువ్వెన ఉందని ఆయన్ని..."

"ఆ దువ్వెన కనబడితే నాకు ఒళ్ళు మండేదయ్యా. మడికి నీళ్ళు పెడుతూ పెడుతూ దువ్వుకునేవాడు."

చిన్నల్లుడు ధైర్యం చేశాడు. "తాళాలు మీ పెద్దల్లుడికిచ్చారంట."

"ఇవ్వక? నువ్వూ నేనూ ఇద్దరం ఇక్కడ కూర్చుంటే నారుకు నీళ్ళెవరు పెడతారు? మనం వెళ్ళగానే తీసేసుకో. వాడు రోజూ పొద్దెక్కి గానీ తలుపు తీయట్లేదంట. ఎవరేమనుకున్నా ఆ నర్సరీ నీది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ముందు ఆ ఆసుపత్రి ఎక్కడో చూపించు."

ఆసుపత్రిలో డాక్టరు ఆయన తలను వేళ్ళతో అటూ ఇటూ వెతికి, వెనక తీయడానికి పెద్దగా ఏమీ లేదని దుబాసీతో చెప్పించాడు. మామగారి ముఖం వాడిపోయింది. డాక్టరు దీపం కిందికి దించి, ఆయన గడ్డం పట్టుకుని, చెంపలు నిమిరి, తల ఊపాడు. అక్కడ బోలెడుందన్నాడు. నలభై ఏళ్ళుగా రోజూ గీసి పారేస్తున్నది నారని తెలిసి మామగారు కుర్చీలోనే నిటారయ్యాడు.

చిన్నల్లుడు తిరుగు ప్రయాణం వారం వాయిదా వేసుకున్నాడు. మామగారి నెత్తిమీద రెండువేలు నాటారు. అరగంటకోసారి అల్లుడే చల్లాడు. ఒక్కచోట గుమ్మరించకుండా, దూరంనుంచి మంచు పడినట్టు, లేత నారుకు ఎలా చల్లాలో అలా చల్లాడు. "చెయ్యి బావుంది నీది" అన్నాడు మామగారు కళ్ళు మూసుకుని. పన్నెండేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం భార్య ఫోను చేసింది. "ఏమండీ, నాన్న నాలుగు రోజులనుంచి ఇంట్లో లేరు. అమ్మనడిగితే నాట్లకు వెళ్ళారంటుంది. ఇంకేమడిగినా నవ్వుతుంది. ఎవరి పొలంలో నాట్లండీ?"

"సొంత పొలమే" అని ఫోను పెట్టేశాడు చిన్నల్లుడు.

ఆ తర్వాత కింద భోజనాల గదిలో మామా అల్లుడూ ఎదురెదురుగా కూర్చున్నారు. గిన్నెల్లో వేడి సూపు, పళ్ళెంలో రొట్టె, ఉడికించిన గుడ్లు. వీపులు నిటారుగా పెట్టి, చెంచాలు గాలిలో నిదానంగా నోటిదాకా తెచ్చుకుంటూ తిన్నారు. గిన్నెవైపు చూడలేదు. అల్లుడి కళ్ళు మామ నెత్తిమీద, మామ కళ్ళు అల్లుడి నెత్తిమీద ఉన్నాయి.

వంట ఎలా ఉందని వడ్డించినావిడ వచ్చి సైగ చేస్తే, ఏం తిన్నారో గుర్తురాక ఇద్దరూ ఖాళీ పళ్ళెం చూడవలసి వచ్చింది.