మామగారి దగ్గు పాస్ చేసిన పాఠం

"ఇకమీదట ఈ గడ్డ మీద ఏ ఆడపిల్లా తను అనుకోకుండా తల్లి కాబోదు" అని ఆరోగ్య శాఖ మంత్రిగారు మైకులో ప్రకటించి, చప్పట్లకి తగినంత వ్యవధి ఇచ్చారు. దానికి కావలసిన పాఠం ఇక ఫోన్లోనే. అమ్మాయిలు తలుపేసుకుని, ఎవరినీ అడగకుండా, ఎవరి ముందూ తల దించుకోకుండా నేర్చుకోవచ్చు. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం ప్రజల అదృష్టమని వేదిక మీద ఉన్నవాళ్ళందరూ ఒప్పుకున్నారు. మంత్రిగారు కూడా కాదనలేదు.

పాఠం చెప్పే భాగ్యం పెద్దాసుపత్రి డాక్టరమ్మకి దక్కింది. కొత్తగా పెళ్ళయిన మనిషి. తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని, జుట్టు రెండుసార్లు విప్పి ముడేసుకుని కెమెరా ముందు కూర్చుంది. ఓపీకి ఆలస్యంగా వచ్చి అమ్మాయిలు గొణుగుతూ అడిగే ప్రశ్నలకి ముందే జవాబు చెప్పే అవకాశం వచ్చిందని ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. పాఠాన్ని తేలిగ్గా అల్లింది. మొదట జనంలో ఉన్న ఒక అపోహ, వెంటనే అది ఎందుకు తప్పో, ఆపైన కండోమ్ ఎలా వాడాలో, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, అవి ఎక్కడ దొరుకుతాయో.

విడుదలకి ముందు మంత్రిగారు ఒక షరతు పెట్టారు. "ఇంటిల్లిపాదీ కలిసి చూసేలా ఉండాలమ్మా. ముందు మా హాల్లో వేద్దాం."

వేశారు. టీవీ వెలగ్గానే మంత్రిగారి తల్లి కళ్ళు మూసుకున్నారు. భార్య కుషన్ కవరు కుట్టుని పరీక్షించసాగారు. మంత్రిగారు ఫ్యాను చూశారు. వినే ధైర్యం ఎవరికీ లేదు కనక, ఇబ్బంది ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకటే గుర్తు పెట్టుకున్నారు. సోఫాలో కూర్చున్న మంత్రిగారి మామగారు దగ్గిన చోట కత్తిరింపు.

మామగారిది చాలా ఏళ్ళ సిగరెట్ల దగ్గు. అయినా దానికో పద్ధతుంది. అపోహలు చెబుతున్నంతసేపూ ఆయన చిన్ననాటి కబుర్లు విన్నట్టు హాయిగా విన్నారు. డాక్టరమ్మ "ఇది తప్పు" అని వివరంలోకి దిగిన ప్రతిసారీ గొంతులో గరగర మొదలైంది. ఎడిటర్ శ్రద్ధగా ఆ చోట్లన్నీ రాసుకున్నాడు.

"సార్, అది మామూలు దగ్గు సార్. మందు రాసిస్తా, తగ్గిపోతుంది," అంది డాక్టరమ్మ.

"మా మామగారి దగ్గుని తక్కువ చెయ్యకు తల్లీ. పోయిన ఎన్నికల్లో ఆ దగ్గుకే ముగ్గురి టికెట్లు ఎగిరిపోయాయి."

"పోనీ, కత్తిరించాక నాకోసారి చూపించండి."

"నువ్వు చెప్పిందేగా. అందులో నీకు తెలీందేముంది?"

ఈ తర్కానికి తిరుగులేదు. పాఠం విడుదలైంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ భర్త మంచం మీద వాలి, ఫోన్లో భార్యని చూసుకుని మురిసిపోయాడు. "ఏమోయ్, తెర మీద భలే ఉన్నావు. అయినా ఇంత మంచి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఏ సంగతి?"

"మొదటిసారికి గర్భం రాదట కదా. నువ్వే అంటున్నావు, నవ్వుతూ."

ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి ఫోన్ లాక్కుంది. తెర మీద తనే, ఇస్త్రీ కోటులో, చల్లగా చెబుతోంది. మొదటిసారికి గర్భం రాదు. వెంటనే స్నానం చేస్తే రాదు. "అని చాలామంది నమ్ముతారు, అది అబద్ధం" అన్న ముక్క ప్రతిచోటా దగ్గుకి కొట్టుకుపోయింది. కండోమ్ చూపించినంతసేపూ దాని బదులు మంత్రిగారి ఫోటో చూపించారు.

మర్నాడే ఆవిడ మంత్రిగారి ఆఫీసుకి పరిగెత్తింది. "ఆపించండి సార్. అంతా తలకిందులైంది. అమ్మాయిలు నమ్మేస్తారు."

"నమ్మడానికేగా పెట్టింది. లక్షలమంది చూశారమ్మా, ఒక్కళ్ళు సిగ్గుపడలేదు. మా అమ్మ రెండోసారి కళ్ళు తెరిచే చూసింది."

"నేను చెప్పిందానికి అది పూర్తిగా వ్యతిరేకం సార్."

మంత్రిగారు పీఏ వైపు తిరిగి, "ఎంత వినయమో చూశావా," అని మెచ్చుకున్నారు.

కొన్ని వారాలకి బట్టల షాపులో పనిచేసే ఒకమ్మాయి ఓపీకి వచ్చింది. గర్భపరీక్ష చేసుకున్న పట్టీని రుమాల్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. రెండు గీతలు.

"ఇది తప్పు చూపిస్తోంది కదా మేడమ్?"

"లేదమ్మా. సరిగ్గానే ఉంది."

"మొదటిసారే మేడమ్. మీరే చెప్పారుగా." ఆ పిల్ల ఫోన్ తీయబోయింది. డాక్టరమ్మ ఆ చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "వచ్చే నెల నన్ను పెద్ద షాపుకి మారుస్తామన్నారు," అంది అమ్మాయి, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

ఆ రోజు నుంచి డాక్టరమ్మ వరండాలో నిలబడి, "ఫోన్లో నేను చెప్పింది నమ్మకండి, ఇప్పుడు చెప్పేది వినండి" అంటూ వచ్చిన ప్రతి అమ్మాయికీ అసలు పాఠం చెప్పసాగింది. ఆసుపత్రిలో ఎవరో ప్రభుత్వ పాఠానికి విరుద్ధంగా ప్రచారం చేస్తున్నారని ఫిర్యాదు వెళ్ళింది. విచారణ అధికారి ఆవిణ్ణి పిలిపించి వీడియో పెట్టారు.

"ఈ డాక్టరుగారి కన్నా మీకెక్కువ తెలుసా?"

"అది నేనే సార్."

అధికారి తెర వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశారు. "ఆవిడ నవ్వుతోందే," అన్నారు.

"మధ్యలో మాటలు కోసేశారు సార్."

"ఆవిడతో మీకేమైనా పాత తగాదా ఉందా?"

ఈ ప్రభుత్వం కక్ష కట్టే రకం కాదు. ఉద్యోగం తియ్యలేదు. పాఠం శ్రద్ధగా చూసి, చివర్లో ఉన్న పరీక్ష ప్యాసయ్యేదాకా రోగుల్ని చూడొద్దన్నారు, అంతే. కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్న డాక్టరమ్మకి ఒక్క మార్కూ రాలేదు. మంత్రిగారు స్వయంగా ఫోన్ చేసి, "దిగులు పడకు తల్లీ, బాగా చదివి మళ్ళీ రాయి," అని ధైర్యం చెప్పారు. ఈలోగా రోగులు ఇబ్బంది పడకూడదని ఆవిడ కుర్చీలో ఒక టీవీ పెట్టించారు.

ఒకరోజు ఉండబట్టలేక ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది. వరండా పొడుగునా అమ్మాయిలు. వాళ్ళని దాటుకుంటూ తన గది తలుపు దాకా వచ్చింది. లోపల్నుంచి తన గొంతే వినిపిస్తోంది. కొత్తగా వేసిన కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వెనక్కెళ్ళి లైన్లో నిలబడమ్మా. డాక్టరుగారు లోపలే ఉన్నారు."