పరిగి దారిలో ఈరప్ప ఈము పక్షిని జయించిన వైనము

గ్రీష్మభాస్కరుడు పెనుకొండ కోటగోడలను పెనమువలె కాల్చుచు, హిందూపురపు వీధికుక్కలను సైతము లారీల నీడలకు తరుముచున్న మే మాసమున, ఒకానొక మంగళవారము ఉదయము పది గంటల వేళ, ధర్మవరపు మగ్గములకు పట్టుదారము పంపు ఒక రేకుల షెడ్డు ఘోరరణరంగమైన తీరు చెప్పెద, చెవులొగ్గి వినుడు!

పరిగికి పోవు దారిలోని ఆ షెడ్డున పదిమంది వనితలు ఉడుకునీళ్ళ తొట్లలో పట్టుగూళ్ళు వేసి దారము తీయుచుండగా, పొయ్యికి కట్టెలు ఎగదోయు మహాభారమును మోయువాడు ఈరప్ప. ప్రచండాగ్నిపరిచారకుడు, గుబురుమీసాలంకృతవదనుడు, చేతితొడుగులను పిరికివాండ్ర సోకుగా ఎంచువాడు. ఆతని ఇల్లాలు ఓబులమ్మ అక్కడనే దారము తీయును. మగని పరాక్రమమును పదునెనిమిదేండ్లుగా వినుచునే యున్నది. చూచుట మాత్రము ఇంకను తటస్థింపలేదు.

అట్టి సమయమున, పక్కతోట లక్ష్మీనరసమ్మ బిడ్డవలె పెంచుకొనుచున్న ఈము పక్షి కంచె సందున దూరి వచ్చి, తెరచియున్న తలుపున షెడ్డులోనికి వేంచేసెను. ఆరడుగుల ఆకారము, దీర్ఘకంఠము, త్రిశూలములవంటి పాదములు! ఎగురనేరని ఆ పక్షీంద్రము వెలుపలికి దారి కానక, సలసల కాగు తొట్ల నడుమ బెదరి గిరగిర తిరుగసాగెను. ఒక్క తొట్టి ఒరిగినను ఎందరి కాళ్ళు బొబ్బలెక్కునో!

“ఎవరూ భయపడాకండి!” అని ఈరప్ప ఖాళీ బకెట్టు ఎత్తి సింహనాదము చేసెను. “ఈ ఈరప్ప ఉండంగా ఈ కోడి యాడికి పోతాది? ఎనుముల కొమ్ములు వంచినోన్ని నేను! దీని మెడ పట్టి రోడ్డు దాకా ఈడ్చకపోతే నా మీసం తీసేస్తా!”

“మీసం సంగతి తర్వాత. ముందర దాని కాళ్ళు చూడయ్యా,” అనెను ఓబులమ్మ.

వీరుడు చూడలేదు. ఎదురుగా ఉరికెను. భయవిహ్వలమైన పక్షి ముందరికి ఒక్క తన్ను తన్నగా బకెట్టు రెండు చెక్కలై నేలబడెను. ఆ తన్ను జానెడు ఇవతలికి వచ్చియుండిన తన కడుపేమగునో ఈరప్పకు ఆ క్షణముననే బోధపడెను. రెండడుగులు వెనుకకు వేసెను, మీసము మాత్రము స్థిరముగా నుండెను.

ఈలోగా లక్ష్మీనరసమ్మ ఫోనులో మొరపెట్టుకొనగా, పశువుల ఆసుపత్రినుండి సుమలత అను సహాయకురాలు స్కూటీరథారూఢయై అరుదెంచెను. గడపలో నిలిచి, గొంతు పెంచక ఆజ్ఞాపించెను: “తొట్లకు మూతలేయండి. పొయ్యిలో కట్టెలు లాగేయండి. అక్కా, మీరంతా వెనక తలుపు గుండా నిదానంగా బయటికి పోండి, ఉరకాకండి. అన్నా, నువ్వు ఈ తొడుగులు, బూట్లు వేసుకో.”

“తొడుగులా? నాకా, మేడమ్?”

ఆమె బకెట్టు చెక్కలవైపు చూచెను. ఈరప్పయు చూచెను. తొడుగుకొనెను.

“అది ముందరికే తంతాది, దాని ఎదురుగా ఎవురూ పోకూడదు. కండ్లు మూస్తే నెమ్మదిస్తాది. గొట్టం మాదిరి పొడుగు గుడ్డ ఏదన్నా ఉండాదా?”

అందరి చూపులును ఈరప్ప నిండుచేతుల చొక్కాపై వ్రాలెను. ఓబులమ్మ అప్పటికే కత్తెర తెచ్చెను.

“ఏమే, మొన్న కుట్టిచ్చిందే ఇది!”

“అందుకే గట్టిగుంటాది,” అని ఆమె కుడిచేతిని భుజము మొదట కత్తిరించి సుమలత కిచ్చి, తక్కిన వనితలతో వెలుపలికి పోయి కిటికీకి ముఖమానించెను.

“గూళ్ళ మూటల వెనకాల నిలబడన్నా. నీ గుండీలు మెరుస్తాండాయి, అది చూసి వస్తాది. కదలాకు. మాట్లాడాకు.”

ఆహా! ఏనుగునైన ఎదిరింపవచ్చును గాని, ఈరప్ప మాటలాడకుండుట సామాన్యమా? ఛాతీయెత్తు మూటల కోటవెనుక, స్వేదబిందువులు ముక్కుకొనన వ్రేలాడ, తుడుచుకొన వెరచి, నిమేషమొక యుగముగా అతడు నిలిచెను. పక్షి అడుగడుగున ఆగుచు వచ్చెను. మూటలమీదుగా మెడ చాచెను. మొదటి గుండీని పుటుక్కున తెంపి మ్రింగెను. వీరుడు కిక్కురుమనలేదు. రెండవదానిని మ్రింగెను. ఈరప్ప కన్నులు మూసికొనెను గాని కదలలేదు. మూడవదానికై వంగినంతనే, పక్కగా వచ్చిన సుమలత చొక్కాచేతిని దాని తలపై జార్చి, ఊపిరాడుటకు ముక్కును కొసనుండి వెలికి తీసెను. చీకటి క్రమ్మినంత ఆ భయంకరవిహంగము పసిబిడ్డవలె శాంతించెను. ఇరువురును చెరియొక పక్క రెక్కలు పట్టి, మెల్లగా నడిపించి, లక్ష్మీనరసమ్మ వాకిట తెచ్చి నిలిపిన ఆటో ఎక్కించిరి.

“నా బంగారూ! నా బిడ్డను ఎవురూ కొట్టలేదు కదప్పా?” అని లక్ష్మీనరసమ్మ కన్నీళ్ళు తుడుచుకొనెను.

“లేదక్కా. అదే నా గుండీలు తినేసింది,” అనెను ఈరప్ప, మొదటిసారిగా మెల్లని గొంతుతో.

పొయ్యి మరల రాజుకొనెను. తొడుగులు విప్పుమని ఎవరును అడుగలేదు, అతడును విప్పలేదు. ఓ జనులారా, దిక్కులు పిక్కటిల్ల చాటుడు ఈ మహావిజయమును: హిందూపుర ప్రాంతమున, ఆ మంగళవారము, ఒక చొక్కాకు చెయ్యి పోయెను గాని ఈరప్పకు రెండును మిగిలెను!