కాళ్ళకు మొక్కండి, చేతులు మాత్రం చూడకండి

ఈ నగరంలో తాగుబోతుకు నిజమైన ఆప్తుడెవరు? మద్యం దుకాణమా? కానే కాదు. అది పొద్దుపోతే తలుపులు మూసేస్తుంది, పండగొస్తే సెలవు తీసుకుంటుంది. ఏడాది పొడుగునా మన గ్లాసు జోలికి ఎవరూ రాకుండా కంటికి రెప్పలా కాపాడేది ఒక్కటే. మన సంస్కృతిని గౌరవించే వైద్యం!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నా పేరు జగ్లాల్ బుధ్‌రామ్. స్కార్‌బరోలో రోటీ కొట్ల గల్లాపెట్టె పక్కన ఊరికే దొరికే ఈ వారపత్రికలో, ఎండు రొయ్యల ప్రకటన కింద ఈ మూల నాది. పుట్టింది గయానాలో. మా ముత్తాతలు చెరకుతోటల్లో కూలికని ఓడెక్కి వెళ్ళారు. దిగీ దిగగానే వాళ్ళ చేతికి రమ్ము ఇచ్చారట. ఆ గ్లాసు మేమింకా కింద పెట్టలేదు. మర్యాదస్తులం మరి! ఇచ్చింది కింద పెట్టేస్తే ఇచ్చినవాడు నొచ్చుకోడూ?

రెండేళ్ళ కిందట మా డాక్టరు నా రక్తపరీక్ష చూసి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు. "జగ్లాల్, నీ లివరు నీకంటే ముందే రిటైరయ్యేట్టుందయ్యా" అని, తాగుడు మాన్పించే కేంద్రానికి పంపించాడు. అక్కడ గోడ మీద ఎన్ని రంగుల మనుషులున్నారో అన్ని రంగుల బొమ్మలు. కింద పెద్ద అక్షరాలతో, ఇక్కడ ఎవరికైనా వారి వారి సంస్కృతి ప్రకారమే నయం చేయబడును అని.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా సంస్కృతి ప్రకారమంటే, ముందు ఒక పెగ్గు పోసి తర్వాత నయం చేస్తారు కాబోలు!

కౌంటరులో అమ్మాయి మీది ఏ కమ్యూనిటీ అని అడిగింది. గయానా అన్నాను. అయితే కరీబియన్ అని ఒక గదిలోకి పంపింది. లోపల అందరూ జమైకా, బార్బడోస్ నల్లవాళ్ళు, గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ పెద్ద నన్ను ఎగాదిగా చూసి, "పెద్దాయనా, యోగా క్లాసు పక్క గదిలో" అన్నాడు. నేను వాళ్ళలాగే మాట్లాడతాను, వాళ్ళు తినే చేపలే తింటాను, వాళ్ళు మెచ్చే క్రికెటర్లనే తిడతాను. అయినా ముఖం ముఖమే కదా!

ముఖం ప్రకారం పక్క గదికి పంపించారు. అక్కడ పంజాబీ లారీ డ్రైవర్లు. బంగారంలాంటి మనుషులు. గంటసేపు పంజాబీలో గుండెలు విప్పి చెప్పుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలాడించాను. చివర్లో ఒక సర్దార్జీ నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. ఎందుకేడ్చాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

అలా కరీబియన్ వరుసలోంచి దక్షిణాసియా వరుసలోకి, మళ్ళీ అక్కణ్ణించి ఇక్కడికి, నెలల తరబడి నన్ను అటూ ఇటూ మారుస్తూనే ఉన్నారు. అంతకాలమూ నా తాగుడుకు ఒక్క రోజు అంతరాయం కలిగిందా? లేదు! "మానేశావా?" అని ఎవరైనా అడిగితే, "వైద్యంలో ఉన్నాను" అని గ్లాసెత్తి చూపించేవాణ్ణి. ఇంతకంటే గౌరవప్రదమైన జవాబు తాగుబోతు జాతి చరిత్రలో ఉందా?

చివరికి నా సంస్కృతికి సరిగ్గా సరిపోయే కౌన్సెలరును వెతికి పట్టుకొచ్చారు. మృదులా భట్నాగర్ గారు, ఢిల్లీ ఆవిడ. వెన్నలాంటి మనసు. నన్ను చూడగానే వంగి నమస్కారం పెట్టి, స్వచ్ఛమైన హిందీలో ఏదో అడిగారు. నాకొచ్చిన హిందీ అంతా హారతి పాటలదే. అర్థం తెలియకుండా పాడతాం. మర్యాదకి అందులోంచి ఒక చరణం అప్పజెప్పాను. చాలా లోతైన మనిషినని ఆవిడకు గురి కుదిరింది.

ఆ గదిలో ఇత్తడి వినాయకుడు, సితారు సంగీతం, అల్లం టీ. మా ముత్తాత ఓడ ప్రయాణం గురించి సగం హిందీలో, సగం పుస్తకాల ఇంగ్లీషులో అడిగారు. ఆయన పడ్డ దెబ్బల గురించి, తెల్లదొర ఆయనకు రమ్ము అలవాటు చేసిన తీరు గురించి ఇద్దరం ఎంతో మథనపడ్డాం. ఆవిడ కళ్ళొత్తుకున్నారు. నేనూ ఒత్తుకున్నాను. మా ముత్తాత తాగుడు సంగతి పూర్తిగా తేలింది. నా తాగుడు దాకా వచ్చేసరికి టైమైపోయింది.

తర్వాతి సారి మా జెండా పూజ గురించి చెప్పాను.

మేం ఏటా హనుమంతుడికి పూజ చేసి, పెరట్లో వెదురుకర్రకు ఎర్రజెండా కట్టి నిలబెడతాం. ఈ పేటలో ఏ పెరట్లో జెండా కనబడినా అది మా గయానా కొంపే. పూజ ఆదివారమైతే గురువారం నుంచే నీచు ముట్టం, రమ్ము ముట్టం. నాలాంటివాడు కూడా ముట్టడు. ఏడాదంతా భార్య చెప్పినా, డాక్టరు చెప్పినా వినని నేను, దేవుడి కోసం ఒక్కసారిగా చుక్క ముట్టకుండా ఆపేస్తాను. అదీ మా నిష్ఠ!

నిరుడు వేసవిలో అలాగే ఆపేశాను. ఆదివారం హోమం ముందు కూర్చునేసరికి నా చేతిలో చెంబు గణగణలాడడం మొదలైంది. చేతులు, భుజాలు, దవడ, అన్నీ వణుకుతున్నాయి. ఒళ్ళంతా చెమట. పండిట్ గారి గడ్డంలో చీమలు బారులు తీరి పైకి పోతున్నాయి. చీమలు, చీమలు అని అరిచాను.

మా ద్రుపతి పిన్ని చప్పున లేచింది. "అమ్మొచ్చిందిరోయ్! జగ్లాల్ ఒంటిమీదికి అమ్మొచ్చింది!" అని కేకేసింది.

అంతే! ఆడామగా అంతా నా కాళ్ళ మీద పడ్డారు. ద్రుపతి పిన్ని నా పాదాలు పట్టుకుని, "తల్లీ, మా పిల్ల ఇల్లు కొనుక్కుంటానంటోంది. రేట్లు ఎప్పుడు దిగుతాయో నీ నోటితో చెప్పమ్మా!" అంది. "గ్లాసు తీసుకురండి" అన్నాన్నేను. పాలు తెచ్చారు. "ఇది కాదు!" అని అరిచాను. కుంకుమపువ్వు వేసి మళ్ళీ తెచ్చారు.

యాభై ఏడేళ్ళ బతుకులో నన్నెవరూ అంతగా గౌరవించలేదు.

ఇదంతా చెబితే భట్నాగర్ గారు మైమరచిపోయారు. "ఎంత అద్భుతమైన సంప్రదాయమండీ! ఈ ఉపవాసాన్ని మాత్రం వదలకండి. మీ బలమంతా అందులోనే ఉంది" అన్నారు. ఏదో సదస్సులో చెబుతాను, అనుమతిస్తారా అని కూడా అడిగారు. అనుమతించాను. దేవతనైన తర్వాత ఆ మాత్రం ఉదారంగా ఉండాలి కదా.

అంత మంచి చోటు ఒక్కణ్ణే అనుభవిస్తే పాపమని, మా సుగ్రీంను కూడా అక్కడికే పంపించాను. సుగ్రీం డామినో ఆటలో నా జత. ఇళ్ళకు గోడలు బిగించే పని వాడిది. శనివారం మా గరాజులో నాకెదురుగా కూర్చుని, బల్ల పగిలేటట్టు ముక్క కొట్టేవాడు. "వెళ్ళరా, అల్లం టీ బాగుంటుంది" అన్నాను. వెళ్ళాడు. ఈ వసంతంలో జెండా పూజ ఉందనీ, గురువారం నుంచి చుక్క ముట్టననీ ఆవిడతో చెప్పాడట. ఆవిడ చేతులు జోడించి, "మీ పట్టుదల గొప్పదండీ" అన్నారట. వాడు ఛాతీ విరుచుకుని వచ్చి నాకు చెప్పాడు.

ఆదివారం హోమం ముందు సుగ్రీం వణికాడు. తర్వాత వెల్లకిలా పడి కొట్టుకున్నాడు. అమ్మొచ్చిందని అందరం లేచాం. కాళ్ళకు మొక్కడానికి వరుస కట్టాం. నేను రెండోవాణ్ణి. ఇల్లు ఎప్పుడు, పెళ్ళెప్పుడు అని అడుగుతుంటే వాడు పళ్ళు గిట్టకరిచి ఏమీ చెప్పలేదు. పెదవులు నీలంగా మారాయని మా ఆవిడ ధన్‌మతి చూసి అరిచేదాకా ఎవరూ అంబులెన్సుకు ఫోన్ చెయ్యలేదు.

ఆసుపత్రిలో డాక్టరు సుగ్రీం భార్యను పక్కకు పిలిచి, "ఈయన తాగుడు ఉన్నట్టుండి ఆపేశారా?" అని అడిగాడు. ఆ పిచ్చితల్లి తలెత్తి, గర్వంగా, "అవునండీ. పూజ కదా. ఒక్క చుక్క ముట్టలేదు" అంది. ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్సు వస్తాయనీ, ప్రాణం కూడా పోతుందనీ, మందులిచ్చి దగ్గరుండి మాన్పించాలనీ అప్పుడు చెప్పాడు. పక్కనే ఉన్న ధన్‌మతి అంతా విన్నది. మర్నాడు సుగ్రీం పోయాడు.

వాణ్ణి తలుచుకుంటూ రాత్రంతా జాగారం చేశాం. రమ్ము తాగుతూనే చేశాం. ఆచారం కదా!

వేసవి వచ్చింది. మా ఇంటి జెండా పూజ దగ్గరపడింది. ధన్‌మతి ఎర్రగుడ్డ కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది. దాన్ని చూస్తూ కూర్చుంది గానీ కత్తెర పట్టలేదు. "ఏమయ్యా, నువ్వు ఆపకపోతే లివరు పోతుంది. ఆపితే సుగ్రీంలా పోతావు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?" అంది. నా దగ్గర హాస్యం అయిపోయింది. భయమేసింది. ఉన్నమాట చెబుతున్నాను, చాలా భయమేసింది.

మర్నాడు నాతోపాటు తనూ భట్నాగర్ గారి గదికి వచ్చింది. ఆవిడ వంగి నమస్కారం పెట్టి, సితారు పెట్టి, మీ వంశంలో స్త్రీల పాత్ర ఎలాంటిదని మొదలుపెట్టారు.

"ఆ పాట కట్టెయ్యమ్మా" అంది ధన్‌మతి. "గురువారం నుంచి ఈయన తాగడం ఆపేస్తే ఆదివారానికి బతికుంటాడా, ఉండడా? అది చెప్పు."

ఆవిడ ముఖం పాలిపోయింది. సుగ్రీం పోయిన సంగతి ఆవిడకు తెలుసు. ఎలా పోయాడో ఎవరూ చెప్పలేదు. ధన్‌మతి చెప్పింది. ఆవిడ టీ కప్పు పక్కకు జరిపారు.

"నాకు అనుమానం రాకపోలేదండీ. మీ ఆచారం గురించి నేను గుచ్చి గుచ్చి అడిగితే అగౌరవంగా ఉంటుందేమోనని... భయపడ్డాను" అన్నారు.

"ఆచారానికి దణ్ణం పెట్టుకో తల్లీ, ఎవరొద్దన్నారు? ముందు మనిషి చెయ్యి పట్టుకుని చూడు!"

భట్నాగర్ గారు బల్ల మీదుగా వంగి నా చెయ్యి పట్టుకున్నారు. పొద్దుటి నుంచి చుక్క ముట్టలేదేమో, అది గజగజలాడుతోంది. ఇన్నాళ్ళూ ఆవిడ ఎదురుగానే కప్పు పట్టుకుని గలగలలాడించాను. అది ఆవిడకు సితారులో కలిసిపోయింది. సితారు ఆపి, లేచి వెళ్ళి ఆ కేంద్రం డాక్టరును వెంటబెట్టుకొచ్చారు.

డాక్టరు తన మొదటి ప్రశ్నతోనే నన్ను ఆశ్చర్యపరిచాడు. "పూజ ఎప్పుడు?" అన్నాడు. అంతే. ముత్తాత గురించి అడగలేదు. ఆదివారమంటే కుదరదు, మందులు వేసి మెల్లగా దించాలి, రోజూ వచ్చి చూపించుకోవాలి, పూజ రెండు వారాలు జరపగలరా అన్నాడు. ధన్‌మతి పండిట్ గారికి అక్కణ్ణించే ఫోన్ చేసింది. "సముద్రం దాటినవాడు రెండు వారాలు ఆగలేడా ఏంటమ్మా?" అన్నాడాయన. గడ్డం ఉన్న మనిషిలో అంత తెలివి ఉంటుందనుకోలేదు.

పాఠకులారా, ఇక నా అసలు ఫిర్యాదు వినండి. అప్పటినుంచి నా సంస్కృతికి గౌరవమే లేకుండా పోయింది! భట్నాగర్ గారు సితారు పెట్టడం లేదు. నాతో అచ్చంగా ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారు, అదీ నాకు అర్థమయ్యేట్టు! నిద్ర పట్టిందా, చెయ్యి చాపండి, నిన్న తాగారా, నిజం చెప్పండి! ఇదీ వరస. పైగా ఊళ్ళో ఏయే పూజలు ఎప్పుడు ఉన్నాయో కనుక్కుని, గయానా వాళ్ళు ఎవరొచ్చినా ముందు అదే అడుగుతున్నారట. ఇంత చొరవేమిటండీ! మా నాగరికత లోతు గురించి మాట్లాడేవాళ్ళే కరువయ్యారు.

పోయిన ఆదివారం జెండా పూజ జరిగింది. చెంబు పట్టుకుని హోమం ముందు కూర్చున్నాను. నీళ్ళు కదల్లేదు. పండిట్ గారి గడ్డంలో చీమలు లేవు, ఉత్త గడ్డమే ఉంది. నా పక్కన సుగ్రీం కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పనూ లేదు.

ద్రుపతి పిన్ని మాత్రం నా కాళ్ళ దగ్గరే చోటు చూసుకుని, కూతురి ఇంటి ప్రశ్న పెదవుల మీద పెట్టుకుని, హారతి అయ్యేదాకా నా చేతులకేసి ఆశగా చూసింది. చివరికి నిట్టూర్చి, "ఈసారి అమ్మ రాలేదర్రా" అని కొంగు దులుపుకుని భోజనాలకు వెళ్ళిపోయింది. ధన్‌మతి నా చేతిలోంచి చెంబు తీసుకుని, ఒక్క క్షణం ఆ నీళ్ళలోకి చూసి, వెనక్కి తిరిగి ముక్కు తుడుచుకుంది.

ఈ ఏడు నా కాళ్ళకు ఒక్కరూ మొక్కలేదు. ఎంత అవమానం! సుగ్రీం కాళ్ళకైతే, వరుసలో నిలబడి మరీ మొక్కాం.