ఒక మీటరు లేచిన దేశం

"ప్రపంచంలో ప్రతి దేశానికీ ఒక పల్లం ఉంది. మన లెసోతో పల్లం మాత్రం పరాయి దేశాల కొండలంత ఎత్తున ఉంది" అని మంత్రి లెబూసా గారు రాజధాని మాసేరులో ప్రకటించారు. "అయినా మనకు తృప్తి లేదు. ఇప్పుడున్న పద్నాలుగు వందల మీటర్ల ఎత్తును స్వాతంత్ర్య దినోత్సవానికల్లా పద్నాలుగు వందల ఒకటి చేస్తాం. పల్లం లేచిందంటే దేశం లేచినట్టే."

ఈ మహత్కార్యం సర్వే ఆఫీసరు రమొహాపికి అప్పగించారు. ముప్పై ఏళ్ల సర్వీసులో అతను ఎత్తులు కొలిచాడే తప్ప పెంచలేదు. చేతకాదని చెబుదామంటే రిటైర్మెంటుకు ఏడు నెలలే ఉంది.

దేశం అడుగు భాగం సెంకూ నదిలో ఒక ఏరు కలిసేచోట, మాలెఫా అనే రైతు జొన్నచేను చివర దొరికింది. ఆవిడ దుప్పటి భుజాన సర్దుకుంటూ వచ్చింది.

"వంతెన కోసం కొలుస్తున్నారా, న్తాతే?" అంది, 'అయ్యా' అన్నట్టు.

"కాదమ్మా. ఈ చోటు ఒక మీటరు ఎత్తు చేస్తాం."

"వంతెన అడిగి తొమ్మిదేళ్లయింది. ఏరు పొంగితే ఆసుపత్రికి దారుండదు. నా కోడలు నిరుడు ఒడ్డు మీదే కన్నది."

"వంతెనలు వేరే శాఖవి. మాది ఎత్తు."

"ఎత్తయితే మాకేమొస్తుంది?"

రమొహాపి సర్క్యులర్ తిరగేశాడు. "గౌరవం."

"గొర్రెలు తింటాయా అది?"

చేను చివర ఎత్తు చేశారు. కొలిస్తే ఇప్పుడు ఏటి అడుగే దేశానికి పల్లమయింది. ఫోనులో మంత్రిగారు క్షణం కూడా తడబడలేదు.

"ఏటిని కూడా ఎత్తండి."

ఇరవై రోజులు లారీల్లో బండలు తెచ్చి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పరిచారు. నీళ్లు సందుల్లోంచి పోయాయి, జనం పైనుంచి పోయారు. మాలెఫా కోడలు పిల్లను వీపున కట్టుకుని టీకాలకు వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. మాలెఫా రమొహాపికి చెంబెడు జొన్న బీరు ఇచ్చింది. సర్వీసులో ఎవరైనా అతనికి కృతజ్ఞత చెప్పడం అదే మొదలు. అతను రెండో చెంబు కూడా కాదనలేదు.

మంత్రిగారు వచ్చి "1401" అని చెక్కిన పలకను ఆవిష్కరించారు. పత్రికల్లో ఫోటో పడింది. ఫోటోలో మంత్రిగారి వెనక ఏరు దాటుతున్న జనాన్ని వంతెనల శాఖ చూసింది. అనుమతి లేని వంతెనను వారంలోగా తొలగించమని నోటీసు పంపింది.

రమొహాపి మాసేరుకు పరుగెత్తాడు.

"బండలు తీస్తే దేశం మళ్లీ దిగిపోతుందండీ."

మంత్రిగారు పత్రికలో తన ఫోటో చూసుకున్నారు. "దిగిందని ఎవరికి తెలుస్తుంది?"

"కొలిస్తే మాకు."

"మరి కొలవకండి."

బండలు ఎక్కించుకుని లారీలు వెళ్లిపోయాయి. పలక ఉండిపోయింది. మర్నాడు వాన కురిసింది, పిల్లకు రెండో టీకా వేయించే రోజు కూడా వచ్చింది. కోడలు ఒడ్డున నిలబడిపోయింది. బండల తొలగింపు చూడటానికి వచ్చి అక్కడే ఉన్న రమొహాపి బూట్లు విప్పి, పిల్లను తలపైకెత్తుకుని నీళ్లలోకి దిగాడు. ఏటి నడుమకు వెళ్లేసరికి నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి.

"లోతెంతుంది, న్తాతే?" ఒడ్డు నుంచి కేకేసింది మాలెఫా.

"పద్నాలుగు వందల ఒకటి" అన్నాడు రమొహాపి, గడ్డం పైకెత్తి.