ఈరయ్య పెద్దరికం, మొదటి రోజు

సంఘ పెద్దగా ఎన్నికైన మరునాడు, సోమవారం పొద్దున్నే ఈరయ్య ఒక చిన్న పని పెట్టుకున్నాడు. రెండు రోజులుగా జ్వరంతో పడివున్న రంగక్క ఇంటికి పోవాలి, నుదుట కాస్త నూనె రాసి ప్రార్థన చేయాలి, ఎండెక్కేలోగా మగ్గం దగ్గరికి తిరిగి రావాలి. అంతే.

అవి మైసూరు మహారాజుల రోజులు. నాగలమడికకు కోసెడు దూరంలో, ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో క్రైస్తవులవి పద్దెనిమిది గడపలు. పావగడ నుంచి పాదిరి అయ్యగారు నెలకొక ఆదివారం సైకిలు మీద వచ్చేవారు. మిగతా రోజుల మంచిచెడ్డలన్నీ పెద్దలవే. రోగికి నూనె రాసి ప్రార్థించడం పెద్దల పని అని నిన్ననే బోధించి వెళ్ళారు. ఈరయ్య కంబళ్ళు నేసేవాడు, చదువు రానివాడు. చేత్తో చేసే పని ఒకటైనా ఉన్నందుకు ప్రాణం కుదుటపడింది.

"శెనిగినూనె అయిపోయింది. ఆముదముండాది, తీసకపో" అంటూ భార్య హనుమంతమ్మ సీసా అందించింది.

వీధి మలుపులో గంగాధరప్ప ఎదురయ్యాడు. ఇరవై ఏళ్ళుగా సంఘ పెద్ద. అయ్యగారి ప్రార్థనలో కూడా తప్పులు పట్టగలవాడు.

"ఏందప్పా, సీసా పట్టుకోని యాడికి?"

"రంగక్కకు నూనె పెట్టేకి పోతాండానన్నా."

"ఒక్కడివేనా? బైబిలు వాక్యంలో పెద్దలు అని ఉండాది, పెద్ద అని లేదు. నడువు, నేనూ వస్తా."

పక్క అరుగు మీద సంఘం గుడిలో గంట కొట్టే నారప్ప కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఒక చెవి వినపడదు, రెండోది సగమే వింటుంది. ఆ సగం చెవిలో మూడు సంగతులు పడ్డాయి: రంగక్క, నూనె, పెద్దలిద్దరూ. ఆ ఊళ్ళో పీనుగుకు తలంటకుండా నీళ్ళు పోయరు. నారప్ప నలుగురు పిల్లలకూ రంగక్కే పురుడు పోసింది. పైబట్టతో కళ్ళు తుడుచుకుని లేచి, నలుగురిని గుంత తవ్వడానికి పంపి, తాను గంట దగ్గరికి నడిచాడు.

పెద్దలు వెళ్ళేసరికి రంగక్క తలుపు బార్లా తెరిచి ఉంది. చాప ఖాళీ. పొయ్యి చల్లగా ఉంది.

"జ్వరమొచ్చిన మనిషి యాడికి పోతాది?" అన్నాడు ఈరయ్య.

"తలకెక్కి ఏటి దిక్కు పోయిందేమో!"

ఇద్దరూ ఎండిన ఏటి ఇసుకలో పడి పరుగెత్తారు. అరవై దాటిన కాళ్ళు. నాలుగడుగులకొకసారి ఆగి రొప్పుకుంటూ కేకలేశారు. ఏటి నడుమకు చేరేసరికి ఊరి వైపు నుంచి గంట వినపడింది. ఒక దెబ్బ, చాలాసేపు మౌనం, మళ్ళీ ఒక దెబ్బ.

"చావు గంట" అన్నాడు గంగాధరప్ప, గొంతు తగ్గించి. "మనకంటే ముందు ఎవరికో దొరికినట్లుండాది."

ఈరయ్య ఇసుకలో కూలబడ్డాడు. "నిన్ననే పోయింటే దక్కేదన్నా. పొద్దుపోయిందని పండుకుంటిని."

గంగాధరప్ప ఏమీ దిద్దలేదు. చేయిచ్చి లేపాడు. ఇద్దరూ ఏడుస్తూ వెనక్కి నడిచారు.

రంగక్క ఇంటి ముందు ఊరంతా ఉంది. నూనె సీసాతో, తడి కళ్ళతో వస్తున్న పెద్దలను చూడగానే, అంతదాకా అనుమానంగా ఏడ్చినవాళ్ళు ధైర్యంగా ఏడ్చారు.

"పీనుగు యాడప్పా?" నారప్ప అడిగాడు.

"మీ కాడే కదా ఉండేది?" అన్నాడు ఈరయ్య.

"మీరు ఎత్తకపోయినారని మేమనుకుంటిమి!"

ఈ గొడవలో గుంపు వెనక ఒక ముసలామె వచ్చి నిలబడటం ఎవరూ చూడలేదు. ముందున్న సుంకమ్మ భుజం తట్టి, "ఎవరమ్మా పోయిండేది?" అని మెల్లగా అడిగింది.

కొంగులో ముఖం దాచుకున్న సుంకమ్మ తలెత్తలేదు. "రంగక్కమ్మా! నేను కానుపులో చచ్చిపోతాండంగా మూడు దినాలు నా పక్క వదల్లేదు. నా తల్లి కూడా అంత చేయలేదు..."

ముసలామె నేల మీద కూర్చుంది. చాలాసేపు విన్నది. ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుని ఏడుస్తున్నారు. చివరికి ఆమెకూ ఏడుపొచ్చి ముక్కు చీదింది. ఆ చీదుడు ఎక్కడో విన్నట్టుందని సుంకమ్మ వెనక్కి తిరిగి, కెవ్వుమంది.

"కానీండమ్మా, ఇంగా చెప్పండి" అంది రంగక్క.

గోల సద్దుమణిగాక ఈరయ్య వచ్చి ఆమె ముందు చతికిలబడ్డాడు. "నేను పెద్దరికానికి పనికిరానక్కా. అయ్యగారికి చెప్పి మానుకుంటా."

"రెండు దినాలు పండుకుంటే గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదబ్బీ" అంది రంగక్క. "తెల్లారుజామున ఏటి అవతల గొర్రెలోళ్ళ పిల్లకు నొప్పులని పిలిస్తే ల్యాచి పోతిని. ఆడబిడ్డ పుట్టింది. ఆ చెమటకు నా జ్వరం దిగిపోయింది. నేను పోతే ఏడ్చేవాళ్ళు ఎవరుండారులే అనుకుంటా ఇంటికొస్తాంటి. నీ పుణ్యాన కండ్లారా చూసుకుంటిని. మందిని నా వాకిట్లోకి తెస్తివి. పెద్ద ఇంకేం చేయల్లప్పా? ఊ, వచ్చిన పని కానీ."

ఈరయ్య ఆమె నుదుట ఆముదం రాశాడు. రాత్రి వల్లెవేసిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"ప్రభువా, రంగక్క ఉండాది. సాలు" అన్నాడు.

అందరికంటే ముందు ఆమెన్ అన్నది గంగాధరప్ప. ఆ వెంటనే, "గుంత తవ్వేవాళ్ళకు ఎవరన్నా పోయి చెప్పండప్పా" అన్నాడు.

మరునాడు తెల్లారేసరికి సంఘంలో ఇంకో ముగ్గురికి జ్వరం తగిలింది; ముగ్గురూ తలుపులు బార్లా తెరిచిపెట్టి, ఈరయ్య నూనె సీసా కోసం దారి చూస్తూ పడుకున్నారు.