కిరాయి తలకాయ

సూర్యాపేటలో చేపలు లేవని అధికారికంగా తేలింది. ఇందుకు ఎవరూ కారకులు కారు. ఊరి పక్క చెరువును జనార్దన్ గారు మట్టితో నింపి 'లేక్ వ్యూ కాలనీ'గా అభివృద్ధి చేశారు. చేపలు అభివృద్ధికి సహకరించక చచ్చిపోయాయి. మిగతా చెరువులు ఎండకే ఎండాయి. మృగశిర కార్తె మాత్రం ఎవరి అనుమతీ లేకుండా ఏటా వచ్చినట్టే దగ్గర పడింది. ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా రోగాలేనని ఇక్కడ డాక్టర్లు కూడా నమ్ముతారు.

ప్రజల బాధ చూడలేక జనార్దన్ గారే ముందుకొచ్చారు. పేరు పలకరాని ఒక చల్లని దేశం నుంచి గడ్డకట్టిన చేపను తెప్పించి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో దుకాణాలు తెరిచారు. రిబ్బన్ కత్తిరించేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. ఫ్రీజర్ చలికే చెమర్చాయన్నవాళ్ళు అసూయపరులు.

"అన్నలారా, అక్కలారా! మన చెరువు చేప బురదల పుట్టింది. గీ చేప మంచుల పుట్టింది. మనోళ్ళు ఫారిన్ పోవుడు పాత ముచ్చట. ఇగ ఫారినే మన గిన్నెలకొస్తది!" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

అంతా బాగానే ఉండేది, గోపమ్మ వచ్చి చెడగొట్టింది. అట్టపెట్టె విప్పి, ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి, "తలకాయేదీ?" అంది.

"ఫారిన్ చేపకు తలకాయ ఉండదమ్మా, గాడనే కోసేస్తరు," అన్నాడు దుకాణం మేనేజర్ రమేష్.

"తలకాయ లేకుంటే గదేం చేప? మా అల్లునికేం పెట్టాలె?"

గోపమ్మ ఇంట్లో చేప తలకాయ పెద్దల్లుడి హక్కు. పోయిన మృగశిరకు పొరపాటున అది చిన్నల్లుడి కంచంలో పడింది. పెద్దల్లుడు వినయ్ అలిగి ఒక్కడే కోదాడ వెళ్ళిపోయాడు. భార్య స్రవంతి పుట్టింట్లోనే ఉండిపోయింది. బంధువులంతా బతిమాలితే, ఈ మృగశిరకు వచ్చి తీసుకుపోతానన్నాడు. తలకాయ లేకపోతే కాపురం లేదు.

ఇలాంటి అల్లుళ్ళు మూడు ఊళ్ళలోనూ ఉన్నట్టు తేలింది. జనార్దన్ గారు వెంటనే పరిష్కారం కనిపెట్టారు. చెరువు పూడ్చేటప్పుడు చిట్టచివర దొరికిన బొచ్చె చేప తలకాయ ఆయన ఫ్రీజర్‌లో జ్ఞాపకార్థం ఉంది. దాన్ని కిరాయికి ఇస్తామని ప్రకటించారు. షరతులు సులువు. పులుసులో పైకి కనపడేలా పెట్టాలి, వడ్డించాలి, కొరకరాదు, కడిగి తిరిగివ్వాలి.

మృగశిర నాడు తలకాయకు ఊపిరాడలేదు. మధ్యాహ్నం కోదాడ, సాయంత్రం సూర్యాపేట, రాత్రికి మిర్యాలగూడ. ఐసుపెట్టెలో బస్సెక్కిన దానికి కండక్టర్ సీటు ఇప్పించాడు. నిలబడ్డ ప్రయాణికులు గౌరవంగా జరిగారు.

సాయంత్రం గోపమ్మ ఇంట్లో వినయ్ కంచంలో తలకాయ పడింది. గోపమ్మ గరిటె పట్టుకుని లెక్క వేసుకుంది. కొరికితే మిర్యాలగూడ అల్లుడికి అన్యాయం, కొరక్కపోతే కూతురికి.

వినయ్ తలకాయను తేరిపార చూశాడు. ఎడమ కంటి పక్కన గాటు. మధ్యాహ్నం కోదాడలో తమ ఇంటి అల్లుడైన బావకు తనే స్వయంగా వడ్డించి, కడిగి పంపిన తలకాయ.

"ఇంత తలకాయ ఈమధ్య ఎక్కడా చూళ్ళేదండీ అత్తయ్యా," అన్నాడు.

"తిను బిడ్డా," అంది గోపమ్మ, తినొద్దని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ.

"చూస్తేనే కడుపు నిండిపోయిందండీ."

బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడ్డ స్రవంతికి ఒళ్ళు మండింది. "గా తలకాయ కోసమే నన్ను ఏడాది ఇడిసిపెట్టినవ్. ఇప్పుడు కొరకవేంది?"

వినయ్ తల దించుకున్నాడు. "కొరకటం ముఖ్యం కాదు స్రవంతీ. మర్యాద ముఖ్యం."

కాపురం నిలబడింది. తలకాయ మిర్యాలగూడ బస్సు అందుకుంది.

వారం తిరక్కుండానే జనార్దన్ గారు రెండో చెరువు పూడ్చబోతూ ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. అభ్యంతరాలున్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. అందరూ మర్యాదస్తులు, ఒక్క చెయ్యీ లేవలేదు. భోజనాల్లో మంచు చేప పులుసు వడ్డించారు.

అటు ఆ చల్లని దేశపు కంపెనీకి మాత్రం నిద్ర పట్టలేదు. గిరాకీ పెరిగింది గనక, ఇక మీదట చేపలను తలకాయలతోనే పంపమంటారా అని ఫోన్ చేసి అడిగింది.

"వద్దు సార్," అన్నారు జనార్దన్ గారు. "గీడ తలకాయ ఎవ్వరికీ అక్కర్లే. ఉన్నట్టు కనబడితే సాలు."