బోరింగు ఉద్యమం

"ఈ రోజు నుంచి మన పార్టీలో కార్యకర్తలు ఉండరు. అందరూ పౌర పాత్రికేయులే!" అని ప్రతిపక్ష పార్టీ జిల్లా నాయకుడు గంగాధరంగారు తిరుపతి కల్యాణ మంటపంలో ప్రకటించారు. జెండాలు మోసి భుజాలు కాయలు కాచినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. కార్యకర్త అనిపించుకునే బాధ ఒక్క ప్రకటనతో తీరిపోతుందని వాళ్లెవరూ కలగనలేదు.

పుత్తూరు బస్సులో వచ్చిన ఏకాంబరం కూడా చప్పట్లు కొట్టాడు గానీ, అతని మనసు పల్లెలోని బోరింగు మీదే ఉంది. రాడ్డు తెగి నెలలు గడిచాయి. వీధి ఆడవాళ్లు చేలల్లోని మోటరు దాకా నడిచి, కరెంటు వచ్చేదాకా కాచుకుని, నీళ్లు మోసుకొస్తున్నారు. "నీళ్ల సంగతి తేల్సకుండా ఇంటికి రావాకు" అని భార్య ఆదిలక్ష్మమ్మ చెప్పి మరీ పంపింది.

హైదరాబాదు నుంచి వచ్చిన సునీల్‌కుమార్ శిక్షణ మొదలుపెట్టాడు. సమస్యను ఫోటో తీయాలి, బ్లాగులో పెట్టాలి, అందరూ కామెంట్లు రాయాలి. అప్పుడు పైవాళ్లు కదులుతారు. పాస్‌వర్డు మాత్రం ఎవరికీ చెప్పకూడదు. ఆ మాట వినగానే అందరూ వరసగా వెళ్లి తమ పాస్‌వర్డులు గంగాధరంగారికి చెప్పి వచ్చారు. నాయకుడికి తెలియని రహస్యం ఉంచుకోవడం క్రమశిక్షణ అనిపించుకోదు కదా.

ఏకాంబరం పార్టీ ఇచ్చిన కెమెరాతో బోరింగును ఫోటో తీసి బ్లాగులో పెట్టాడు. గంగాధరంగారి ఆదేశం మేరకు జిల్లా అంతా కామెంట్లు రాసింది. "సూపర్ బోరింగ్ అన్నా" అన్నారు కొందరు. అలవాటు కొద్దీ ఒకరు బోరింగుకు జన్మదిన శుభాకాంక్షలు కూడా చెప్పారు.

విచిత్రం ఏమిటంటే, అది పనిచేసింది. ఒకరోజు పొద్దున్నే మండలాఫీసు మెకానిక్ ఓబయ్య కొత్త రాడ్డుతో దిగాడు.

"నెట్‌లో సూసి మావోళ్లు అదిరిపోయినారన్నా. గంటలో నీళ్లొస్తాయి" అన్నాడు.

ఏకాంబరానికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఆ ఆనందంలోనే గంగాధరంగారికి ఫోన్ చేశాడు.

"రిపేరా? తెలివుండే మాట్లాడతాండావా?" అన్నారు గంగాధరంగారు. "ఎల్లుండి రాష్ట్ర నాయకులు మీ బోరింగు మీదనే ఉద్యమం ప్రకటిస్తాండారు. నీళ్లొచ్చే బోరింగును పెట్టుకోని ఏం ఉద్యమం చేస్తామప్పా? కన్వీనరుగా నీ పేరు రాసినాను."

ఏకాంబరం రాడ్డు వైపు చూశాడు. కన్వీనరు అనే మాట చెవిలో తియ్యగా మోగుతోంది.

"ఎల్లుండి దాటినాక రాబ్బా" అని ఓబయ్యను పంపేశాడు.

గడపలో నిలబడి ఆదిలక్ష్మమ్మ అంతా విన్నది. ఇంట్లో ఉన్న పెద్ద బిందె తెచ్చి అతని భుజం మీద పెట్టి, అతని చేతిలోని కెమెరా లాక్కుంది.

"పద కన్వీనరూ. నువ్వు మొయ్యి, ఫోటో నేను తీస్తా."

ఫోటో చాలా బాగా వచ్చింది. ఆ చెమట, ఆ నడక నాయకుడికి తగ్గట్టే ఉన్నాయి. బ్లాగులో పెట్టకుండా ఉండటం ఏకాంబరం వల్ల కాలేదు. గంగాధరంగారు అదే బ్లాగులోకి దూరి, "ఇంటింటికీ నీళ్లు మోస్తున్న మన పార్టీ" అని శీర్షిక పెట్టారు. నెట్ చూడని ప్రజల కోసం దాన్నే పోస్టరు వేయించి పల్లె గోడలన్నిటికీ అంటించారు. ఉద్యమ ప్రకటన దివ్యంగా జరిగింది.

మర్నాడు ఏకాంబరం ఓబయ్య ఇంటికి పరుగెత్తాడు.

"ఇంక అడ్డం లేదప్పా, రాడ్డు తీసుకోని రా."

"అది వేరే ఊరికి పోయిందన్నా" అన్నాడు ఓబయ్య నొచ్చుకుంటూ. "మా సారు నీ ఫోటో సూసినాడు. ఈ పల్లెలో ఇంటింటికీ నీళ్లు అందతాండాయి, సమస్య తీరిందని రాసి, రుజువుకు నీ ఫోటోనే జతచేసి పైకి పంపినాడు. సారును మెచ్చుకున్నారంట గూడా."

ఏకాంబరం కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. వాకిట్లో వీధిలోని బిందెలన్నీ బారుగా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లు తీరిగ్గా అరుగు మీద కూర్చుని పోస్టరు చదువుకుంటున్నారు.

"యాడికి పోయినావు ఇంతసేపు?" అంది ఆదిలక్ష్మమ్మ. "మోటరుకు కరెంటొచ్చి శానా సేపాయ."